జీలుగులోవ దారి

మండపేట,
1879 మే 12.

తమ్ముడు చిట్టియ్యకు,

నువ్వు క్షేమమని మా పక్కింటి బుల్లియ్య చెప్పాడు. బండి తోలుకుని గోకవరం దాకా వెళ్లి నిన్ను చూసి వచ్చాడట. ధవళేశ్వరంలో పడవల దగ్గర గుమాస్తా పని మానేసి, మన్యంలో పితూరీ అణచడానికి వెళ్లిన సర్కారు సిబ్బందికి దుబాసిగా చేరావని అతను చెప్తేనే నాకు తెలిసింది. అక్కకు ఒక ముక్క రాయాలనిపించలేదా?

కోపం లేదులే. ఇక్కడ కాలువ కట్టేశారు. లాకుల దగ్గర పూడిక తీస్తున్నారు. పిల్లలంతా ఆ బురదలో చేపలు పడుతూ బడి ఎగ్గొడుతున్నారు. మా మిషను బడి దొరసానమ్మ నన్ను పంపి వాళ్లను పట్టుకు రమ్మంటుంది. వెళ్తే నా చేతిలో ఓ కొర్రమీను పెట్టి, "రేపొస్తామండి పంతులమ్మగారూ" అని సాగనంపుతున్నారు. పాపాయత్త కొడుకుతో మాటామాటా వచ్చి, నా దగ్గరికొచ్చి ఉంటానని కబురు పెట్టింది. నాన్న ఆఖరి రోజుల్లో ఆవిడే కదా చేసింది, రమ్మన్నాను.

నువ్వు కొండ వైపు వెళ్లావని విన్న దగ్గర్నుంచి నాన్న ఉప్పు బండే గుర్తొస్తోంది. ఉప్పూ ఎండు చేపలూ వేసుకుని ఎక్కడం, చింతపండూ కుంకుళ్లూ దించుకుని రావడం. ఆయన పక్కన కూర్చుని నువ్వు కోయ మాట నేర్చేసుకున్నావు. నాకు నాలుగు ముక్కలు కూడా రాలేదు. ఓసారి ఆ కొండ ఊరు జీలుగులోవలో ఆయనకు మన్యం జ్వరం వచ్చి పడిపోతే, ముత్తీ ఆవిడ మొగుడు గంగులూ తమ ఇంట్లో పడుకోబెట్టుకుని, జావ పోసి బతికించి పంపారు. అప్పుడు నువ్వు ఆ ఇంట్లోనే ఉన్నావు. ముత్తి నిన్ను తన పిల్లల్తో పాటు వరసలో కూర్చోబెట్టి తినిపించేదని నాన్న చెప్పేవారు.

పితూరీ గొడవల్లో వాళ్లెలా ఉన్నారో. అటు వెళ్తే నేను అడిగానని చెప్పు. ఒళ్లు జాగ్రత్త. కాచిన నీళ్లే తాగు.

నీ మేలు కోరే అక్క,
సంపూర్ణమ్మ


గోకవరం దగ్గర శిబిరం,
1879 జూన్ 20.

అక్కకు నమస్కారాలు.

నీకు చెప్పకుండా రావడం తప్పే. చెప్తే వద్దంటావని భయపడ్డాను. ఇక్కడ నాకు బాగానే ఉంది. గుడారంలో మంచం ఇచ్చారు. దొర నన్ను పేరు పెట్టి పిలిచి కుర్చీ చూపిస్తాడు. మిషను బళ్లో నేర్చుకున్న ఇంగ్లీషు, నాన్న బండి మీద నేర్చుకున్న కోయ, రెండూ ఒకే నోట్లో ఉన్నవాడు ఈ జిల్లాలో మరొకడు దొరకలేదట.

పితూరీ ఎందుకొచ్చిందని మీరంతా అనుకుంటున్నారో తెలియదు. కొండవాళ్లు తమ ఇంటి కోసం గీసుకునే జీలుగు కల్లు మీద పన్ను వేశారు. వసూలు చేసుకోమని మన పల్లపు గుత్తేదార్లకు ఇచ్చారు. వాళ్లు పన్ను పేరు చెప్పి మేకల్నీ కోళ్లనీ కూడా పట్టుకుపోయారు. ఎంతకాలం ఊరుకుంటారు? ఠాణాలు తగలబెట్టి అడవి పట్టారు. ఇదంతా దొర నన్ను అడిగితే చెప్పగలను. కానీ అడగలేదు. నా పని అది కాదు కూడా. ఒక ఒడ్డున మాట ఎక్కించుకుని, రెండో ఒడ్డున దించడం, అంతే. సరుకు ఎవరిదో, దేనికో పడవవాడు అడుగుతాడా?

జీలుగులోవ సంగతి అడిగావు. పితూరీదార్లకు తిండి పెట్టే ఊళ్లు ఖాళీ చేయించమని ఉత్తర్వు. ఆ ఊరు ఖాళీ అయింది. ఇప్పుడక్కడ ఎవరూ లేరు. ముత్తిని నేను చూడలేదు.

ముసలయ్య బావతో ఒక మాట చెప్పు. కొండ నుంచి తోలుకొచ్చిన పశువుల్ని ఇక్కడ వేలం వేస్తున్నారు, చవక. బండి కట్టుకుని వస్తే మంచి ఆవును చూసి ఉంచుతాను. శిబిరానికి బియ్యం మోసే బండ్లకు కిరాయి కూడా బాగా ఇస్తున్నారు. తొలకరి పనులు మొదలయ్యేలోపు రెండు తడవలైనా తోలుకోవచ్చు.

ఇట్లు,
చిట్టియ్య


మండపేట,
1879 జూలై 6.

తమ్ముడికి దీవెనలు.

మీ బావ ఆవుతో దిగారు. ఎర్రావు, కూడా దూడ. ఎంత ముచ్చటగా ఉందో. కాకపోతే పాలు చేపదు. దూడను వదిలినా, ముందు తవుడు పెట్టినా, మీ బావ కూని రాగం తీసినా బిగబట్టుకుని నిలబడుతుంది. కొత్త చోటు కదా, అలవాటు పడుతుందంటున్నారు.

ఈ నెలలో మా వీధిలో కొత్త పశువు దిగని ఇల్లు లేదు. బుల్లియ్య రెండు ఎద్దులు తెచ్చుకున్నాడు. కాలువ అవతలి పల్లంరాజుగారు ఒక మందనే తోలించుకున్నారు. ఎవరివి, ఎందుకు అమ్ముతున్నారు అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. సర్కారువారు అమ్మారు కదా అనుకున్నాను.

ఒక్క విషయం మాత్రం తెలియక రాస్తున్నాను. జీలుగులోవ వాళ్లను ఖాళీ చేయించి ఎక్కడికి పంపారు? మీ బావ అడుగుదామంటే నువ్వు పని మీద ఉన్నావట, మాట్లాడే వీలు దొరకలేదట. వానలు మొదలయ్యాయి. ఉన్న ఇల్లు వదిలి వచ్చినవాళ్లకు ఒంటి మీద గుడ్డ ఉందో లేదో. ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్లను అడిగి, గుడ్డలు పోగుచేశాను. కొత్తవి కావు, గట్టివే. బుల్లియ్య బండి మీద పంపుతున్నాను. పైనున్న ఆకుపచ్చ చీర నాది, ముత్తికి ఇవ్వు. మిగతావి నీకు తోచినట్టు పంచు.

నిన్ను చూసి మా దొరసానమ్మ ఎంత గర్వపడుతోందో. మన బడి పిల్లవాడు రెండు జాతుల మధ్య వంతెనయ్యాడని ప్రార్థనలో చెప్పింది.

అక్క,
సంపూర్ణమ్మ


శిబిరం,
1879 జూలై 25.

అక్కకు,

గుడ్డలు అందాయి. ఇవ్వవలసిన వాళ్లకు ఇచ్చాను. జీలుగులోవ వాళ్ల గురించి బెంగపెట్టుకోకు. వాళ్లకిప్పుడు ఏ లోటూ లేదు.

వాన విడవడం లేదు. సిపాయిల్లో సగం మంది జ్వరాలతో పడ్డారు. నాకూ రెండుసార్లు వచ్చి తగ్గింది. కోయ మాట్లాడే పని తగ్గిపోయింది. మాట్లాడేందుకు కొండ మీద నుంచి ఎవరూ దిగడం లేదు. ఊరికే కూర్చుంటే ఏవేవో ఆలోచనలు. దొర ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఇచ్చాడు, చదువుతున్నాను, తలకెక్కడం లేదు.

దొరసానమ్మతో నా గురించి ప్రార్థనల్లో చెప్పవద్దను. నాకిష్టం లేదు.

చిట్టియ్య


మండపేట,
1879 ఆగస్టు 30.

చిట్టియ్యకు,

వాళ్లకు ఏ లోటూ లేదని నువ్వు రాసింది చూసి నా మనసు కుదుటపడింది. గుడ్డలిచ్చిన వాళ్లందరికీ చదివి చెప్పాను. దేవునికి స్తుతి పాట కూడా పాడాం.

తరువాత కొద్ది రోజులకే ఒక చుట్టం మన ఇంటికి వచ్చింది. నాన్న మంచాన పడ్డప్పుడు దగ్గరుండి చేసిన మనిషి. శిబిరంలో ఉత్తరాలు విప్పి చూస్తారని మీ బావ అన్నారు కనుక పేరు రాయను. నీకు రాయక్కర్లేదు కూడా. చాలా చిక్కిపోయి వచ్చింది. ఇక్కడే ఉంచుకున్నాను. ఊడ్పులకు నాతో పాటు వస్తానంటుంది, వద్దంటే వినదు. ఆవు పాలు ఇప్పుడు ఆవిడే పితుకుతోంది.

జీలుగులోవ తగలబడిందని విన్నాను. ఖాళీ చేయించడం అంటే అదా? ఆ రోజు నువ్వు అక్కడ ఉన్నావా? నాకు ఉన్నదున్నట్టు రాయి. చుట్టానికి కూడా తెలుసుకోవాలని ఉంది. "చిట్టియ్య ఏం చెప్తాడో వింటాను" అని రోజూ అడుగుతోంది.

అక్క


శిబిరం,
1879 సెప్టెంబరు 14.

అక్కకు,

పాపాయత్త మొత్తానికి కొడుకుతో తెగతెంపులు చేసుకుని వచ్చేసిందన్నమాట. పేరు దాచడం దేనికి? కొడుకు వెతుక్కుంటూ వస్తాడనా? ఆవిడ కొండవాళ్ల సంగతులంటే చిన్నప్పటి నుంచీ చెవి కోసుకునేది. సరే, అడిగారు కనుక రాస్తాను. చదివి వినిపించు. నా ఉద్యోగం గురించి వేరేగా అనుకోవద్దని కూడా చెప్పు.

పితూరీదార్లకు తిండి ఎక్కడిదని దొర చాలామందిని అడిగించాడు. పట్టుబడ్డవాళ్లు నోరు విప్పలేదు. ఒకరోజు నన్నే అడిగాడు, కొండ ఊళ్లు నీకు తెలుసు కదా, నీకేమనిపిస్తోందని. నేను చెప్పింది ఒకటే. "జీలుగులోవలో ఎవరు వెళ్లినా అన్నం పెడతారండి. ఎవరు, ఏమిటి అని అడగరు" అన్నాను. ఆ ఊరి మంచితనం చెప్పాననే అనుకున్నాను. దొర దాన్ని మరోలా రాసుకున్నాడు. మర్నాడు దారి చూపించమన్నారు. చూపించాను.

పొద్దెక్కేసరికి ఊరి ముందున్నాం. దొర నన్ను ముందుకు పంపి, "బయటికి రండి, మీకు ఏమీ కాదు అని చెప్పు" అన్నాడు. కోయలో కేకేసి చెప్పాను. నా గొంతు పోల్చుకున్నారు. "చిట్టియ్యా, నువ్వా" అంటూ వచ్చారు. ముందు మగవాళ్లు. అప్పుడు తుపాకులు పేలాయి. ఎవరు మొదట పేల్చారో నాకు తెలియదు. ఎవడి చేతిలోనో గొడ్డలి కనబడిందన్నారు. కొండవాడి చేతిలో గొడ్డలి లేనిది ఎప్పుడు? ఆడవాళ్లు పిల్లల్ని పట్టుకుని వెనక వైపు నుంచి పైకి పరుగెత్తారు. అందరూ ఎక్కలేకపోయారు. గంగులును నేను గుర్తుపట్టాను. ముత్తిని చూడలేదని రాసింది నిజమే.

తరువాత ఇళ్లు అంటించారు. సిపాయిలు అంటించారని అందరూ అంటారు. వాళ్లొక్కళ్లే కాదక్కా. సామాను మోయడానికి వచ్చిన మన బండ్లవాళ్లు కూడా కొరివి పట్టుకున్నారు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ధాన్యం గాదెలు అంటించేముందు బిందెలూ గిన్నెలూ బయటికి లాక్కున్నారు. వాళ్లలో బుల్లియ్య కూడా ఉన్నాడు. ఆ రోజు నాతో మంచిగానే మాట్లాడాడు, తన బండి మీద నీళ్ల కుండ ఉంది, తాగమన్నాడు. ముసలయ్య బావ ఆ రోజు లేరు, ఆయన తరువాత వచ్చారు. ఆయనకు నేను చూసి పెట్టిన ఆవు ఆ ఊరిదే.

నువ్వు పంపిన గుడ్డలు జ్వరాలతో ఉన్న వంటవాళ్లకు ఇచ్చాను. ఏ లోటూ లేదని రాసేటప్పుడు, పోయినవాళ్లకు లోటేముంటుందిలే అనుకున్నాను. ఉన్నవాళ్ల మాట తోచలేదు.

నేను తుపాకీ పట్టలేదు. నిప్పు పెట్టలేదు. "ఏమీ కాదు" అన్న మాట కూడా నాది కాదు, దొరది. నేను దాన్ని కోయలోకి మార్చి చెప్పాను, అంతే. పాపాయత్త లోకం చూసిన మనిషి, ఆవిడకు అర్థమవుతుంది.

చిట్టియ్య


మండపేట,
1879 సెప్టెంబరు 28.

చిట్టియ్యకు,

పాపాయత్త కొడుకు దగ్గరే ఉంది. వాళ్లు రాజీపడ్డారు. మా ఇంట్లో ఉన్నది ముత్తి.

నాన్న మాటల్లో మండపేటలో కూతురుందని ఆవిడ వింది. పల్లంలో ఆవిడకు తెలిసిన పేరు నాదొక్కటే. చంటిపిల్లను అడవిలో పాతిపెట్టి, దారంతా అడుక్కుంటూ నడిచి వచ్చింది. గుమ్మంలో నిలబడి నాన్న పేరు చెప్పింది. దొడ్లోకి తీసుకెళ్లి కాళ్లకు నీళ్లిస్తుంటే ఆవు అరిచింది. ముత్తి వెళ్లి దాని మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. మీ బావ బయటికి వెళ్లిపోయారు.

ఊరు తగలబడిందనీ మొగుడు పోయాడనీ చెప్పింది కానీ, నీ పేరు ఎత్తలేదు. నువ్వేం రాస్తావో విందామనే అంది. నీ ఉత్తరాలు పైకి చదవడం మా ఇంట్లో అలవాటు కదా. అలాగే మొదలుపెట్టాను. "నా గొంతు పోల్చుకున్నారు" అన్న చోట ఆగిపోయాను. ముత్తి వచ్చీరాని తెలుగులో, "సదువమ్మా" అంది. గంగులు దగ్గర మళ్లీ ఆగాను. "సదువు" అంది. చివరిదాకా చదివించుకుంది. తరువాత నేను, "ఇదంతా నీకు ముందే తెలుసా" అని అడిగాను. "తెలుసు. ఆడి నోట రావాలనుకున్నా" అంది. నీ నోట రావాలని చూసిందిరా. నువ్వేమో ఆవిడను అత్త అనుకుని రాశావు.

నీ మీద ఏ మాటా అనడానికి నాకు నోరు రావడం లేదు. ఆ ఆవు నా దొడ్లో ఉంది. ఆ దూడ నోటి దగ్గర పాలు మేం తాగాం. నువ్వు నెత్తిన పెట్టుకున్న బరువులో కొంత నాదే.

మద్రాసు నుంచి ఒక పెద్ద దొర రాజమండ్రి వచ్చి, మన్యం సంగతులు విచారిస్తున్నాడని దొరసానమ్మ చెప్పింది. ముత్తి వెళ్లి చెప్తానంటోంది. నేను తీసుకెళ్తాను. దసరా వెళ్లాక పడవ ఎక్కుతాం.

సంపూర్ణమ్మ


శిబిరం,
1879 అక్టోబరు 6.

అక్కా,

ఆవిడను రాజమండ్రి తీసుకురావద్దు. పితూరీ ఊళ్ల మనుషుల్ని ఇంట్లో ఉంచుకుంటే జైలు. బావను కట్టి తీసుకెళ్తారు. నీ బడి పోతుంది.

నేనొక్కణ్ణే ఏదో చేసినట్టు రాశావు. శిబిరానికి బియ్యం మోసింది ఎవరి బండి? ఆ బియ్యం తిని కొండెక్కినవాళ్లే కదా మిగతా ఊళ్లు తగలబెట్టింది. గుత్తేదార్లు ఎవరు? పల్లంరాజుగారి బంధువులే. వేలంలో పశువులు కొన్నది ఎవరు? మీ గుడిలో పాట పాడినవాళ్లలో ఎంతమంది ఇళ్లలో ఆ బిందెలున్నాయో వెళ్లి చూడు.

ఇంకొకటి నీకు తెలియదు. విచారణలో కోయ మాటను ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి నన్నే పిలిపించారు. మరొకడు లేడు. నువ్వు ఆవిడను తీసుకొచ్చి నా ఎదుటే నిలబెడతావు. నీకు ఇష్టమైతే అలాగే చెయ్యి.

చిట్టియ్య


రాజమండ్రి,
1879 నవంబరు 3.

అక్కకు,

నువ్వు వరండాలో కూర్చున్నావని తెలుసు. బయటికి వచ్చి నీ మొహం చూడలేక వెనక గుమ్మం నుంచి వెళ్లిపోయాను. లోపల ఏం జరిగిందో ముత్తి నీకు కొంత చెప్పి ఉంటుంది. నేను చెప్పవలసింది నేను చెప్తాను. పోయిన ఉత్తరంలో నిన్ను అన్న మాటలు నిజాలే కావచ్చు, కానీ ఆ రోజు అవి నేను వెనక దాక్కోవడానికి ఏరుకున్నవి.

ముత్తికి కొంచెం తెలుగు వచ్చు కదా, తెలుగులో చెప్తావా అని గుమాస్తా అడిగాడు. "మా ఊరి సంగతి మా మాటలోనే సెప్తా" అని నా వైపు తిరిగి నిలబడింది. దొర వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మా పద్ధతి నీకు తెలియదు. దుబాసి "ఆమె ఇలా అంటోంది" అని చెప్పకూడదు. ఆమె "నేను" అంటే, మేమూ "నేను" అనాలి.

నేను పొద్దున జావ కాస్తున్నాను, అన్నాను. నా చంటిపిల్ల నా వీపున ఉంది, అన్నాను. బయట కేక వినబడింది, అన్నాను. నా మొగుడు వెళ్లనన్నాడు, సిపాయిలున్నారు, కొండెక్కిపోదాం అన్నాడు. నేనే పంపాను. "మన చిట్టియ్య గొంతే అది. మనింట తిన్న పిల్లాడు. వాడు ఏమీ కాదంటే ఏమీ కాదు, పో" అని నేనే తోశాను. ఇదంతా ఇంగ్లీషులో నా నోటితో చెప్పాను అక్కా. నా గొంతు నా చెవికి ఎవరిదో అన్నట్టుంది.

దొర రాస్తూ రాస్తూ తలెత్తి, "ఎవరీ చిట్టియ్య?" అన్నాడు.

ముత్తిని అడగమని దాని అర్థం. నేను ఆ ప్రశ్నను కోయలోకి మార్చలేదు. "నేనేనండి" అన్నాను.

ఆయన మంచివాడిలాగే ఉన్నాడు, నెరిసిన మనిషి. కలం పక్కన పెట్టి, "నువ్వు చెప్పిన పని చేశావు. దుబాసి మీద ఫిర్యాదు ఏముంటుంది? ఆ ముక్క రాయనక్కర్లేదు. సర్కారు అంతా విచారిస్తుందని ఆమెకు చెప్పు" అన్నాడు. నన్ను ఓదార్చాననుకున్నాడు. ఆయన ఛీ అని ఉంటే నాకు హాయిగా ఉండేది.

ముత్తితో ఆ మాట చెప్పలేదు. "దొర నా పేరు రాయలేదు. రాయనన్నాడు" అని చెప్పాను. ఈ ఉద్యోగంలో చేరాక నా అంతట నేను కోయలో పలికిన మొదటి మాట అదే. ఆవిడ, "ఆయన రాయకపోతే పోనీ. నువ్వు పలికావు, నేను విన్నాను" అంది. తిట్టలేదు. కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

మర్నాడే పని వదిలేశాను. ధవళేశ్వరంలో మళ్లీ పడవల దగ్గర అడుగుతున్నాను. రెండు సంగతులు నిన్ను అడగాలి. నేను ఇంటికి రావచ్చా? వద్దంటే రాను. రెండోది, ముత్తిని అడిగి రాయి. ఎండలు రాగానే జీలుగులోవ వెళ్లి, మిగిలినవాళ్లకు ఇళ్లు నిలబెట్టి వస్తాను. వెదురు కొట్టడం, ఆకు కప్పడం నాకు వచ్చు, వాళ్లే నేర్పారు. వాళ్లు ఏమన్నా పడతాను.

చిట్టియ్య


మండపేట,
1879 డిసెంబరు 8.

తమ్ముడికి,

నీ ఉత్తరం ముత్తికి చదివి వినిపించాను. ఆవిడ ఇప్పుడు ఇక్కడ లేదు. ఏం జరిగిందో వరసగా చెప్తాను.

విచారణ నుంచి వచ్చాక, ఆవునూ దూడనూ తీసుకెళ్లిపొమ్మన్నాను. అది చాలదనిపించింది. ఇల్లిల్లూ తిరిగి, కొండ పశువుల్ని తిరిగి ఇవ్వమని అడిగాను. మీ బావ కూడా వచ్చారు. పల్లంరాజుగారు అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించి, "వేలంలో పాడుకున్నదానికి పాపం అంటుతుందా పంతులమ్మా, నేనేమన్నా దొంగిలించానా" అన్నారు. గౌరవంగానే అన్నారు. బుల్లియ్య ఒక ఎద్దును తీసుకొచ్చి మా గుంజకు కట్టాడు. రెండోది ఉంచుకున్నాడు. "బండికి ఒకటైనా ఉండాలి కదక్కా" అన్నాడు, నేల చూస్తూ. బిందె మాట నేనెత్తలేదు, అతనే తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్లాడు. ఇంకొకళ్లు మేకను ఇచ్చారు. మిగతావాళ్లు మేం వస్తున్నామని తెలిసి తలుపులు వేసుకున్నారు. చెడ్డవాళ్లు కారు చిట్టియ్యా. నా పురిటికి నీళ్లు కాచినవాళ్లు. నేను వీధిలోకి వెళ్తే ఇప్పుడు మాటలు ఆగిపోతున్నాయి. దొరసానమ్మ కూడా, బడికీ సర్కారుకీ మాట రానివ్వకు అంది. వింటానని చెప్పలేదు.

ఇంటికి రావచ్చా అని అడిగావు. రా. నీకు అన్నం పెడతాను. కానీ ఎవరైనా అడిగితే, నువ్వేం చేశావో చెప్తాను, నేనేం కొన్నానో కూడా చెప్తాను. అది ఓర్చుకోగలిగితేనే రా. నాకు మాత్రం నిన్ను చూడాలని ఉంది.

ఇక నీ రెండో ప్రశ్న. ముత్తి విని చాలాసేపు చేటలో బియ్యం చెరుగుతూ కూర్చుంది. చివరికి, "ఆ సోటికి మేం పోం. మిగిలినోళ్లు ఇంకో సోట ఉన్నారు. ఆడు రావద్దు" అంది. కోపంగా అనలేదు. మీ ఊరు ఎటని ఎవరైనా అడిగితే చెప్తామే, ఆ వైపు, ఈ వైపు అని. అలా కూడా చెప్పలేదు. నేను అడగలేదు.

పోయిన వారం బయల్దేరింది. పశువుల్ని తోలడానికి మీ బావ తోడు వెళ్లారు. గోకవరం దాటి, బండి దారి అయిపోయి కాలిబాట మొదలయ్యే చోట, ముత్తి ఆగి ఆయన చేతిలో తాడు తీసుకుంది. ఆయన, "అంత ఎత్తు ఒక్కదానివీ వీటిని ఎలా ఎక్కిస్తావమ్మా, ఊరి దాకా దిగబెట్టి వస్తాను" అన్నారు. నిజంగా సాయం చేద్దామనే అన్నారు. ఆయన సంగతి నీకు తెలుసు.

ముత్తి తల అడ్డంగా ఊపింది. "నువ్వు మంచోడివే అన్నా" అంది. "సిట్టియ్య కూడా మంచోడే."

తరువాత ఆవును ముందుకు అదిలించింది. ఆవిడ ఏ మలుపు తిరిగిందో కనబడకుండా మీ బావ వెనక్కి తిరిగి నిలబడ్డారట. గంటలు వినబడకుండా పోయేదాకా అలాగే ఉండి, ఇంటికి వచ్చేశారు.

అక్క,
సంపూర్ణమ్మ